మోటారు మార్చే ముందు: పాత లాన్ స్ప్రింక్లర్లలో ప్రెజర్ ఎక్కడ పోతోంది?

ఎండలు ముదిరేసరికి అనంతపురంలో లాన్ ఉన్న ఇళ్లలో ఒకటే ఫిర్యాదు. స్ప్రింక్లర్లు లేవడం లేదు. ఒకప్పుడు గోడ దాకా చిమ్మినవి ఇప్పుడు మొదట్లోనే నీళ్లు కారుస్తూ నిలబడుతున్నాయి. ప్లంబర్ వస్తాడు, చుట్టూ ఒకసారి తిరుగుతాడు, "మోటారు వయసైపోయింది సార్, ఒకటిన్నర హెచ్‌పీ వేసేద్దాం" అంటాడు. వేస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. తర్వాత మళ్లీ అదే కథ, పైగా ఈసారి కరెంటు బిల్లు కూడా పెరిగి ఉంటుంది.

మోటారు నిజంగా పాడైన ఇళ్లు ఉండవని కాదు. కానీ పదిహేను, ఇరవై ఏళ్ల కిందట వేసిన లైనులో ప్రెజర్ తగ్గడానికి మోటారు ఒక కారణం మాత్రమే. నీళ్లు మధ్యలో కారిపోవచ్చు, పైపు లోపల సన్నబడి ఉండవచ్చు, ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా కలుపుతూ పోయిన స్ప్రింక్లర్లు మోయలేనంత అయి ఉండవచ్చు, బోరులో నీళ్లు దిగి ఉండవచ్చు. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మందు మాత్రం దేనిది దానికే. పైపులో చిల్లు ఉన్నచోట పెద్ద మోటారు వేస్తే చిల్లులోంచి ఇంకాస్త ఎక్కువ నీళ్లు పోతాయి, అంతే.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. ప్రెజర్ వేరు, నీళ్ల పరిమాణం వేరు. గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరంగా పడతాయని పిల్లలకు కూడా తెలుసు. వేలు పెట్టినంత మాత్రాన మోటారు బలం పెరగలేదు. గొట్టంలోంచి పోయే నీళ్లు తగ్గాయి. నీళ్లు తగ్గితే గొట్టం గోడల రాపిడికి దారిలో ఖర్చయ్యే ప్రెజర్ కూడా తగ్గుతుంది, మిగిలింది మూతి దాకా చేరుతుంది. అదే పైపులో నీళ్లు రెట్టింపు పోతే రాపిడి నష్టం రెట్టింపుతో ఆగదు, మూడున్నర రెట్లు దాటుతుంది. కాబట్టి స్ప్రింక్లర్ దగ్గర కనిపించే ప్రెజర్ అంటే పంపు ఇచ్చిన దాంట్లోంచి దారి ఖర్చులన్నీ పోగా మిగిలింది. తక్కువ మిగిలిందంటే ఆదాయమైనా తగ్గి ఉండాలి, ఖర్చైనా పెరిగి ఉండాలి. ఏదో తేల్చుకోకుండా సామాన్లు కొనడం దండగ.

మన మెకానిక్కులు ప్రెజర్‌ను కేజీల్లో చెబుతారు. చదరపు సెంటీమీటరు మీద ఎన్ని కేజీల ఒత్తిడి ఉందని దాని అర్థం. పది మీటర్ల ఎత్తున నిలబడిన నీళ్లు కింద ఒక కేజీ ప్రెజర్ ఇస్తాయి. ఇళ్ల లాన్లలో ఎక్కువగా కనిపించే, నీళ్లు వదిలినప్పుడు నేలలోంచి పైకి లేచే పాప్-అప్ స్ప్రే రకం సరిగ్గా పనిచేయాలంటే స్ప్రింక్లర్ దగ్గరే సుమారు 2 కేజీలు ఉండాలి. గుండ్రంగా తిరుగుతూ దూరం చిమ్మే రోటర్లకు 3 దాకా కావాలి. ఈ లెక్క తెలిస్తే ఒక సందేహం వెంటనే తీరిపోతుంది. రెండంతస్తుల మిద్దె మీది ట్యాంకు నుంచి నేరుగా లైను ఇస్తే, ఎత్తు ఎనిమిది తొమ్మిది మీటర్లు కాబట్టి, కేజీ కూడా రాదు. అలాంటి లైనులో పాప్-అప్‌లు ఎన్నిసార్లు మార్చినా లేవవు. అక్కడ తక్కువ ప్రెజర్‌తో నడిచే మైక్రో స్ప్రింక్లర్లో డ్రిప్పో పెట్టుకోవాలి, లేదంటే మధ్యలో పంపు ఉండాలి. కుళాయి పైపుకే మోటారు బిగించే అలవాటు కొన్ని వీధుల్లో ఉంది. అది మున్సిపల్ నిబంధనలకు విరుద్ధం. అంతకన్నా ముఖ్యం, మోటారు లాగినప్పుడు పైపులో పడే వెలితికి ఎక్కడో పగులులోంచి మురుగు లోపలికి చేరుతుంది. అది తాగేది మీరూ, పక్కింటివాళ్లూ.

ఇక అసలు పరీక్ష. దీనికి కావలసింది కొన్ని వందల రూపాయలకు దొరికే ప్రెజర్ గేజ్. 0 నుంచి 6 కేజీల వరకు చూపేది చాలు. మోటారు డెలివరీ పైపు మీద, గేట్ వాల్వుకు ముందు ఒక టీ (మూడు దారుల జాయింటు) వేయించి దాన్ని బిగించండి. ఇరవై ఏళ్ల లైనులో ఇంతవరకు ఒక్క గేజ్ కూడా లేకపోవడమే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం. జ్వరం ఎంతుందో చూడకుండా మాత్రలు మింగినట్టు ఉంటుంది మన వ్యవహారం.

వాల్వు పూర్తిగా మూసి మోటారు ఆన్ చేయండి. పది పదిహేను సెకన్లలో ముల్లు ఎక్కడ ఆగిందో చూసి ఆపేయండి. మూసిన వాల్వు మీద ఎక్కువసేపు తిప్పితే పంపులో నీళ్లు కాగి సీలు పోతుంది. ఈ అంకెను మోటారు నేమ్‌ప్లేటుతో పోల్చాలి. అందరూ హెచ్‌పీ ఒక్కటే చూస్తారు గానీ, ప్లేటు మీద హెడ్ (ఎంత ఎత్తుకు తోస్తుందో) అని మీటర్లలో, డిశ్చార్జి (ఎన్ని నీళ్లు పోస్తుందో) అని లీటర్లలో రెండు అంకెలుంటాయి. ఒకే హెచ్‌పీలో ఎత్తుకు తోసే పంపూ దొరుకుతుంది, నీళ్లు ఎక్కువ పోసే పంపూ దొరుకుతుంది. సంపులోంచి లాగే మోనోబ్లాక్ (మోటారూ పంపూ ఒకే దిమ్మగా ఉండేది) మీద గరిష్ఠ హెడ్ 30 మీటర్లని ఉంటే వాల్వు మూసినప్పుడు గేజ్ 3 కేజీలకు దగ్గరగా చూపాలి. సంపు లోతు వల్ల కాస్త తగ్గడం మామూలే. 2 దగ్గరే ఆగిపోయిందంటే తప్పు పంపులోనో, దానికి వచ్చే నీళ్లలోనో, కరెంటులోనో ఉంది. లాన్ తవ్వాల్సిన పని లేదు.

మూసినప్పుడు బాగుంటే ఇప్పుడు వాల్వు పూర్తిగా తెరిచి మళ్లీ చూడండి. పంపు దగ్గర 2.8 ఉంది, లాన్ చివర మాత్రం నీళ్లు కారుతున్నాయి. అంటే మధ్యలో ఎక్కడో అడ్డు ఉంది. అలా కాకుండా వాల్వు తెరవగానే పంపు దగ్గరే 1కి పడిపోయింది. అంటే పంపు మోయగలిగినదానికన్నా ఎక్కువ నీళ్లు ఎటో పోతున్నాయి. అది లీకు కావచ్చు, స్ప్రింక్లర్లు మరీ ఎక్కువై ఉండవచ్చు. సగం గొడవ ఇక్కడే తేలిపోతుంది. ఒక చిన్న మెలిక ఉంది. ముల్లు ఒకచోట నిలవకుండా వణుకుతూ, స్ప్రింక్లర్లు గాలి కక్కుతూ ఉంటే అది లీకు కాదు, సక్షన్ వైపు, అంటే పంపు నీళ్లు లాగే వైపు సమస్య. సక్షన్ పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వుకు చెత్త అడ్డం పడటమో, సక్షన్ పైపు జాయింటులో గాలి లాగడమో చూడాలి.

రెండో సాక్షి స్టార్టర్ మీది ఆమ్మీటరు. చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ రైతులు దీన్ని చూసే బోరు సంగతి చెప్పేస్తారు. ఇలాంటి పంపు నీళ్లు ఎక్కువ పోస్తున్నప్పుడు కరెంటు ఎక్కువ తీసుకుంటుంది, దారి మూసుకుపోయినప్పుడు తక్కువ తీసుకుంటుంది. వోల్టేజీ మామూలుగానే ఉండి, రోజూ ఉండే ఆంపియర్ల కన్నా ముల్లు కిందికి దిగితే అడ్డునో, నీళ్లు లేకపోవడాన్నో అనుమానించాలి. పైకి పోతే లీకును అనుమానించాలి.

బోరు నుంచి నేరుగా లాన్‌కు ఇచ్చిన ఇళ్లలో లెక్క ఇంకోలా ఉంటుంది. బోరులో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారు తన బలంలో ఎక్కువ భాగం నీళ్లను నేల మీదికి తేవడానికే వాడుతుంది. పంపు గరిష్ఠ హెడ్ 100 మీటర్లు, నీటిమట్టం 70 మీటర్ల లోతున ఉందనుకుందాం. వాల్వు మూసి చూస్తే పైన 3 కేజీలు కనిపిస్తుంది. మే నెలకు మట్టం 80కి దిగితే అదే గేజ్ 2 చూపుతుంది. పైపు, మోటారు, నాజిల్ దేంట్లోనూ తేడా రాలేదు, ఒక కేజీ మాత్రం పోయింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఉమ్మడి జిల్లాలో, పగుళ్లలో మాత్రమే నీళ్లు నిలిచే గట్టి రాతి మీద ఇది ఏటా జరిగేదే. ఇక్కడ పెద్ద మోటారు వేయడం అన్నిటికన్నా ప్రమాదం. ఊరే నీళ్లకన్నా వేగంగా తోడేస్తుంది, నీళ్లు ఆగి ఆగి వస్తాయి, చివరికి మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. బోరు నీళ్లు నెమ్మదిగా సంపులోకి పోసుకుని, అక్కడినుంచి చిన్న మోనోబ్లాక్‌తో లాన్‌కు ఇవ్వడమే నిలకడైన పద్ధతి. బోరుకు విశ్రాంతి, స్ప్రింక్లర్లకు రోజూ ఒకే ప్రెజర్.

కరెంటు సంగతి చాలామంది పట్టించుకోరు. వోల్టేజీ 230 నుంచి 180కి పడితే మోటారు తిప్పే బలం దాదాపు 60 శాతానికి పడిపోతుంది. వేగం ఒక్క పది శాతం తగ్గినా ప్రెజర్ ఇరవై శాతం దాకా తగ్గుతుంది. ఏసీలన్నీ నడిచే వేళ ప్రెజర్ లేని లాన్, తెల్లవారుజామున ఐదింటికి బ్రహ్మాండంగా చిమ్ముతోందంటే అది పైపుల గొడవ కానే కాదు. త్రీఫేజ్ మోటారు ఉన్న తోటల్లో ఇంకో తమాషా జరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేసినప్పుడో, కొత్త కేబుల్ వేసినప్పుడో రెండు ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగినా నీళ్లు వస్తాయి! పరిమాణం, ప్రెజర్ బాగా తగ్గి వస్తాయి, అంతే. ఆ ఇంటివాళ్లు పాపం ఫిల్టర్లు కడుగుతూ కూర్చుంటారు. రెండు వైర్లు అటూఇటూ మార్చిస్తే పోయే జబ్బు అది.

గేజ్ అడ్డు ఉందని చెప్పిందనుకుందాం. మొదట ఫిల్టరు చూడాలి, అది ఉంటే. ఇసుక పోసే బోర్లలో జాలీ ఫిల్టరు వారానికే పూడిపోతుంది. ఫిల్టరుకు ముందూ వెనకా ప్రెజర్ తేడా అర కేజీ దాకా వచ్చిందంటే కడగాల్సిందే. తర్వాత గేట్ వాల్వు. పాత ఇత్తడి వాల్వుల్లో చక్రం తిరుగుతూనే ఉంటుంది, లోపలి గేటు మాత్రం స్పిండిల్ నుంచి ఊడి సగంలో వేలాడుతూ ఉంటుంది. పైకి అంతా తెరిచినట్టే కనిపిస్తుంది. దాన్ని బాగుచేసే ఆలోచన వద్దు, బాల్ వాల్వు వేయండి.

అవి రెండూ బాగుంటే పైపు. 2000 ప్రాంతాల్లో వేసిన చాలా ఇళ్లలో మెయిన్ లైను జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపే. దానికి మన బోరు నీళ్లతో అస్సలు పడదు. బకెట్ అంచున తెల్లచార, గీజర్ కాయిల్ మీద సున్నపు పెంకు చూస్తూనే ఉంటాం కదా. అదే పైపు లోపలా పేరుకుంటుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆ సున్నం ఇంకా తొందరగా విడుతుంది. లోతు లేకుండా వేసిన పైపులో ఎండకు కాగి నిలిచిన నీళ్లు ఆ పని బాగా చేస్తాయి. దానికి తోడు లోపల తుప్పు బుడిపెలు. ఇంచి పైపు లోపల పావు వంతు పూడి ముప్పాతిక ఇంచి మిగిలితే పెద్ద నష్టమేముంది అనిపిస్తుంది. కానీ రాపిడి నష్టం వ్యాసంతో దాదాపు ఐదో ఘాతంలో మారుతుంది. అదే నీళ్లు పంపాలంటే నష్టం నాలుగు రెట్లు. అర ఇంచే మిగిలితే ముప్పై రెట్లకు దగ్గర. దారిలో అర కేజీ తినే పైపు ముప్పాతికకు పూడితే రెండు కేజీలు తింటుంది. స్ప్రింక్లర్‌కు ఇంకేం మిగులుతుంది?

తవ్వకుండానే దీన్ని చూడవచ్చు. ఒక యూనియన్ (విప్పడానికి వీలుండే పైపు జాయింటు) విప్పి టార్చి వేయండి. గోడలు గరుకుగా, ఎర్రటి బుడిపెలతో కనిపిస్తే ఆ లైనుకు కాలం చెల్లినట్టే. డ్రిప్ లైన్లకు రైతులు యాసిడ్ ట్రీట్‌మెంట్ చేస్తారు కాబట్టి ఇక్కడా చేద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ప్లాస్టిక్ పైపుకు అది చెల్లుతుంది, అదీ మోతాదు తెలిసినవాళ్ల చేతిలో. జీఐలో పోస్తే సున్నంతో పాటు జింకునూ ఇనుమునూ తినేసి అడ్డు ఉన్నచోట చిల్లు మిగులుస్తుంది. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. మెయిన్ లైను ఒక్కటైనా హెచ్‌డీపీఈకో యూపీవీసీకో (రెండూ ప్లాస్టిక్ పైపులే) మార్చండి, ఇంచి ఉన్నచోట ఇంచింబావు వేయండి. మోటారు సైజు పెంచడం కన్నా పైపు సైజు ఒక మెట్టు పెంచడం ఎప్పుడూ లాభమే. మోటారు ప్రతి రోజూ కరెంటు అడుగుతుంది, పైపు అడగదు.

వాల్వు తెరవగానే పంపు దగ్గరే ప్రెజర్ కూలిపోయే ఇళ్లలో లీకు వెతకాలి. ఏప్రిల్‌లో లాన్ అంతా పసుపుపచ్చగా మారినా ఒకచోట మాత్రం గరిక ఏపుగా ఉందంటే అక్కడ తవ్వి చూడండి. కానీ అన్ని లీకులూ ఇలా బయటపడవు. అనంతపురం చుట్టూ ఉన్న గరప ఎర్రనేల నీళ్లను మింగేస్తుంది, పైకి తడి కూడా కనిపించదు. తాడిపత్రి వైపు నల్లరేగడిలో కథ వేరు. ఆ నేల ఎండాకాలం నెర్రెలు బారి, వానకు ఉబ్బి, ఏటా పైపును అటూ ఇటూ లాగుతుంది. గమ్ పెట్టి అతికించిన పీవీసీ జాయింట్లు అక్కడే విడతాయి. కొబ్బరి, కోనోకార్పస్ వేళ్లు పైపును నొక్కేయడం కూడా చూడవచ్చు, గోడ వెంబడి ఆ చెట్లున్నచోట మొదట అక్కడే అనుమానించాలి.

కచ్చితంగా తేల్చుకోవాలంటే ఒక లైనులోని స్ప్రింక్లర్లన్నీ విప్పి మూతలు బిగించండి. చివరి రైజర్ (స్ప్రింక్లర్‌ను బిగించే నిటారు పైపు ముక్క) మీద గేజ్ పెట్టి, ప్రెజర్ ఎక్కాక వాల్వు మూసి మోటారు ఆపండి. పావుగంట దాకా ముల్లు కదలకపోతే ఆ లైను బాగున్నట్టు. చూస్తుండగానే సున్నాకు దిగిపోతే లీకు ఆ లైనులోనే ఉంది. తర్వాత సగం దగ్గర కోసి ముందు భాగమా వెనక భాగమా అని చూస్తూ పోతే తవ్వేది మూడు నాలుగు అడుగులే ఉంటుంది. ఇది చేయకుండా లాన్ మొత్తం పెళ్లగించే మేస్త్రీలున్నారు. కూలి వాళ్లకే, గడ్డి మనకు.

లీకు లేదు, పంపు బాగుంది, అయినా ప్రెజర్ నిలవడం లేదంటే స్ప్రింక్లర్లు లెక్కపెట్టండి. పదిహేను అడుగులు చిమ్మే స్ప్రే నాజిల్, పూర్తి వలయం తిరిగేది, నిమిషానికి సుమారు 14 లీటర్లు తాగుతుంది. సగం వలయానికి 7, మూలలో పెట్టే పావు వలయానికి మూడున్నర. మూల నాజిల్ విరిగినప్పుడు అంగట్లో దొరికిన పూర్తి వలయం నాజిల్ పెట్టేసి పోతాడు మెకానిక్. ఒక్క మార్పుతో అక్కడ నీళ్ల ఖర్చు నాలుగు రెట్లు, గోడకు స్నానం అదనం. గేటు దగ్గర కొత్తగా రెండు, పూలమొక్కలకు ఒకటి, కారు కడగడానికి ఒక కుళాయి, ఇలా పదేళ్లలో లైను మీద భారం తెలియకుండానే పెరుగుతుంది. అన్నీ కూడి, మోటారు ఆ హెడ్ దగ్గర ఇచ్చే లీటర్లతో పోల్చండి. మించితే లైనును రెండుగా విడగొట్టి, వాల్వుతో ఒకటి తర్వాత ఒకటి నడపాలి. నీళ్లు ఎక్కువ కావు, సమయమే ఎక్కువ. అన్నిటికన్నా చవకైన మరమ్మతు ఇదే, దీన్నే ఎవరూ చెప్పరు, ఇందులో అమ్మడానికి ఏమీ లేదు కాబట్టి. మామూలు స్ప్రే నాజిళ్ల బదులు సన్నటి ధారలతో నెమ్మదిగా తిరిగే రోటరీ నాజిళ్లు పెట్టినా సుమారు సగం నీళ్లతో నడుస్తాయి. అయితే ఎక్కువసేపు వదలాలి. ఒకే లైనులో రెండు రకాలూ కలపకూడదు.

ఒక్క స్ప్రింక్లరే మొరాయిస్తే ఇదంతా అక్కర్లేదు. నాజిల్ కింద చిన్న జాలీ ఉంటుంది, విప్పి కడగండి. సున్నం పట్టిన నాజిల్‌ను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితే వదులుతుంది. పిన్నుతోనో తీగతోనో పొడవకండి, రంధ్రం పెద్దదైతే మళ్లీ బాగుకాదు. ఇసుక నీళ్లతో ఏళ్ల తరబడి నడిచిన నాజిళ్లు వాటంతటవే అరిగి పెద్దవవుతాయి. వ్యాసం పది శాతం పెరిగితే నీళ్లు ఇరవై శాతం ఎక్కువ పోతాయి. అలాంటివి కడిగి లాభం లేదు, మార్చాలి.

ఎవరిని పిలవాలన్న ప్రశ్నకు నా సమాధానం ఒకటే. కుళాయిలు, కమోడ్లు బిగించే ప్లంబర్‌ను కాదు, డ్రిప్, స్ప్రింక్లర్ సామాన్లు అమ్మే అంగడికి వెళ్లండి. వేరుశనగ, చీనీ (బత్తాయి) తోటల పుణ్యమా అని ఈ జిల్లాలో తుంపర సేద్యం తెలిసిన మెకానిక్కులకు కొదవ లేదు. ఎన్ని నాజిళ్లకు ఎంత పైపు, ఎంత హెడ్ అన్నది వాళ్లకు నోటి లెక్క. ఇంటి లాన్ చూసి "ఇంత చిన్నదానికా" అని నవ్వుతారేమో గానీ, గేజ్ తీసి చూపిస్తే మాట వింటారు.

పని అయ్యాక వాల్వు మూసినప్పటి ప్రెజర్, తెరిచినప్పటి ప్రెజర్, ఆంపియర్లు, వోల్టేజీ, తేదీ, ఈ ఐదింటినీ స్టార్టర్ డబ్బా తలుపు లోపలివైపు మార్కర్‌తో రాసిపెట్టండి. బోరు నుంచి నేరుగా వాడేవాళ్లు ఫిబ్రవరిలో ఒకసారి, మేలో ఒకసారి రాయాలి. అప్పుడే వచ్చే ఎండాకాలం తగ్గింది బోరులోనా, లైనులోనా అన్నది తెలుస్తుంది.